ఇంటికి వైరు, గదికి వైఫై

ఫైబర్ కేబుల్ ఇంట్లోకి ఎటునుంచి వస్తే రౌటర్ అటే ఉంటుంది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడికి గుమ్మం పక్కన చిల్లు వేసి, అక్కడే రెండు స్క్రూలు బిగించి డబ్బా తగిలించడం తేలిక. ఇల్లంతా నెట్ ఎలా వస్తుందన్నది ఆ పది నిమిషాల్లోనే ముప్పావు వంతు తేలిపోతుంది. వంద ఎంబీపీఎస్ ప్లానా, మూడొందలదా, డబ్బాకి నాలుగు యాంటెన్నాలా ఆరా అన్నవన్నీ మిగిలిన పావు వంతులోవే.

కానీ మనం చేసేది దీనికి తలకిందులు. వెనక బెడ్‌రూములో నెట్ స్లోగా ఉందంటే ముందు ప్లాన్ పెంచుతాం. అయినా అదే పన్నెండు ఎంబీపీఎస్. అప్పుడు పెద్ద రౌటర్ కొంటాం. కాస్త మారినట్టు ఉంటుంది, వారానికి మళ్ళీ మామూలే. చివరికి ఓ రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్ళీ వదిలే డబ్బా) కొని సరిగ్గా సిగ్నల్ లేని గదిలోనే ప్లగ్గు పెడతాం. ఈ మూడింటికీ పెట్టిన డబ్బులో సగంతో పని అయిపోయేది. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: మన ఇటుక గోడల, ఆర్సీసీ స్లాబుల ఇళ్లలో వేగంగా నడిచే వైఫై ఒక గదికి, మహా అయితే పక్క గదికి సరిపోయే వస్తువు. ఇల్లంతా మోయాల్సింది వైరు. దీన్ని ఒప్పుకోకుండా ఎంత ఖర్చు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

"మూడు వేల చదరపు అడుగుల కవరేజీ" అని డబ్బా మీద రాసి ఉంటుంది కదా అంటారు. అమెరికాలో చెక్క ఫ్రేముకి రెండు వైపులా జిప్సమ్ బోర్డు కొట్టి గదులు విడదీస్తారు. అలాంటి గోడకి సిగ్నల్ రెండు మూడు డెసిబెల్స్‌కి (ఈ కొలత సంగతి కింద చెబుతాను) మించి తగ్గదు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య "మా ఇంట్లో ఒక్కటే రౌటర్, పైనా కిందా అంతా వస్తుంది" అంటే అందులో అబద్ధం లేదు. అదే రౌటర్ విజయవాడలో తొమ్మిదంగుళాల గోడల మధ్య పెడితే ఆ మాట చెల్లదు. నెట్‌లో కనబడే రివ్యూలు చాలావరకు అలాంటి ఇళ్లలో రాసినవే. మనకి చదరపు అడుగుల లెక్క పనికిరాదు, గోడల లెక్క కావాలి.

ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో కొలుస్తారు, ఇంట్లో ఎప్పుడూ మైనస్‌లోనే కనిపిస్తుంది. మైనస్ 40 అంటే దివ్యంగా ఉన్నట్టు, మైనస్ 60 ఫర్వాలేదు, మైనస్ 75 దాటితే కష్టం. తగ్గుదలని డెసిబెల్స్‌లో చెబుతారు: 3 తగ్గితే శక్తి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతు అయినట్టు. అందుకే మైనస్ 50కీ మైనస్ 70కీ తేడా ఇరవై కాదు, వంద రెట్లు.

వైఫై ఎక్కువగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండుల్లో నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో రౌటర్ 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు, వదులుతోంది అనుకుందాం. మొదటి మీటరులోనే 47 డెసిబెల్స్ పోతాయి. ఆ తర్వాత దూరం రెట్టింపైన ప్రతిసారీ మరో 6. ఎనిమిది మీటర్ల దగ్గర మొత్తం 65 పోయి మైనస్ 42 మిగులుతుంది. ఫోన్ లోపలి చిన్న యాంటెన్నాకి, దాన్ని పట్టుకున్న చేతికి కలిపి ఓ 4 తీసేస్తే మైనస్ 46. ఇంతవరకు గోడ లేదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ప్లాస్టరింగుతో కలిపి 5 గిగాహెర్ట్జ్ దగ్గర సుమారు 5 డెసిబెల్స్ తింటుంది, తొమ్మిదంగుళాలది దానికి రెట్టింపు. గాలి బుడగలతో తయారైన తేలిక సిమెంటు ఇటుక, అంటే ఏఏసీ బ్లాకు, గోడ కాస్త నయం. రెండు చిన్న గోడలు దాటాక మైనస్ 56 దగ్గర ఉంటాం. ఇది బాగానే ఉంది.

ఇప్పుడు మధ్యలో స్లాబు పెట్టండి. అయిదంగుళాల కాంక్రీటు 5 గిగాహెర్ట్జ్ దగ్గర 15 నుంచి 20 డెసిబెల్స్ మింగేస్తుంది. ఇనుప చువ్వల వల్ల అని చాలామంది అనుకుంటారు గానీ ఆరంగుళాలకొకటి వేసిన చువ్వల మధ్య నుంచి అయిదారు సెంటీమీటర్ల పొడవున్న తరంగం సులువుగానే దూరుతుంది. తినేది ఎక్కువగా కాంక్రీటే, అందులో ఉన్న తేమే. చువ్వలు ఒత్తుగా ఉండే కాలమ్, బీమ్ దగ్గర మాత్రం ఇనుము కూడా చెయ్యి వేస్తుంది. కొత్తగా కట్టిన ఇంట్లో గోడలు పూర్తిగా ఆరేదాకా సిగ్నల్ ఇంకాస్త తక్కువే ఉంటుంది. సరే, 18 అనుకుందాం. మైనస్ 74.

ఈ అంకె వేగంగా ఎలా మారుతుందంటే, 802.11ఏసీ అనే వైఫై ప్రమాణం (వై-ఫై 5) ఒక్కో వేగానికి కనీసం ఎంత సిగ్నల్ ఉండాలో పట్టికగా ఇచ్చింది. 80 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్లో, రెండు యాంటెన్నాల ఫోనుకి, డబ్బా మీద గొప్పగా రాసే 867 ఎంబీపీఎస్ రావాలంటే మైనస్ 51 ఉండాలి. 650కి మైనస్ 58. మైనస్ 76 దగ్గర మిగిలేది 65. మంచి చిప్‌లు ఈ పట్టిక కన్నా అయిదారు డెసిబెల్స్ మెరుగ్గా పనిచేస్తాయి, కాబట్టి దీన్ని గట్టి లెక్కగా కాకుండా దారి చూపే లెక్కగా తీసుకోండి. పైగా ఇదంతా లింకు వేగం, అంటే ఫోనుకీ రౌటర్‌కీ మధ్య గాలిలో వేగం. ప్రతి ప్యాకెట్టుకీ, అంటే డేటా ముక్కకీ, ముందూ వెనకా ఉండే లాంఛనాలు పోగా డౌన్‌లోడుకి మిగిలేది అందులో అరవై శాతం దాకా. అంటే రెండు గోడల అవతల దాదాపు 400, అదే దూరంలో స్లాబు కూడా అడ్డం వస్తే 35, 40. ప్లాన్ మూడొందలదైనా వెయ్యిదైనా మేడ మీద గదికి అందేది ఆ ముప్పై అయిదే.

వై-ఫై 6, వై-ఫై 7 అని కొత్త డబ్బాలు కొనేవాళ్ళు ఈ పట్టికలో తర్వాతి వరసలు కూడా చూడాలి. వై-ఫై 6లో గాలిలో పంపే ఒక్కో రేడియో గుర్తులో 8 బిట్లకి బదులు 10 బిట్లు కూరుతారు, పాతిక శాతం లాభం. కానీ అందుకు 80 మెగాహెర్ట్జ్ దగ్గర మైనస్ 46 ఉండాలి. పైన మన లెక్కలో గోడే లేకుండా ఎనిమిది మీటర్ల దగ్గర మైనస్ 46 వచ్చింది! అంటే ఆ లాభం రౌటర్ ఉన్న హాల్లో కూర్చున్నవాళ్ళకే. వై-ఫై 7 ఇస్తానంటున్న 12 బిట్లకి దానికన్నా దగ్గరగా ఉండాలి. ఎక్కువ ఫోన్లున్న ఇంట్లో గాలిని పొదుపుగా పంచే పద్ధతులు వీటిలో ఉన్నాయి, అది నిజమైన లాభమే, కాదనను. గోడ దాటే శక్తి మాత్రం వీటికి కొత్తగా ఏమీ రాలేదు. 6 గిగాహెర్ట్జ్ కథా అంతే. మన దేశంలో 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకునే నిబంధనలు 2025 మేలో ముసాయిదాగా, 2026 జనవరిలో ఖరారుగా వచ్చాయి, అదీ ఇంటి లోపల తక్కువ శక్తితో, బయట మరీ తక్కువ శక్తితో అన్న షరతు మీద. ఇరుగుపొరుగు గోల లేని ఖాళీ బ్యాండు కాబట్టి ఒకే గదిలో అద్భుతంగా ఉంటుంది. గోడ దగ్గర 5 గిగాహెర్ట్జ్ కన్నా ఓ మెట్టు కిందే.

యాంటెన్నాల సంగతి తేల్చేద్దాం. ఎక్కువ శక్తి వదిలే రౌటర్ కొంటే ఫోన్లో గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే గీతలు రౌటర్ మాట ఫోనుకి ఎంత బాగా వినబడుతోందో చెబుతాయి, ఫోన్ మాట రౌటర్‌కి వినబడుతోందా అన్నది చెప్పవు. ఫోన్ బ్యాటరీతో నడిచే వస్తువు, 5 గిగాహెర్ట్జ్‌లో అది వదిలేది పన్నెండు పదిహేను డీబీఎం. రౌటర్ కన్నా ఎనిమిది పది డెసిబెల్స్ తక్కువ. వైఫైలో ప్రతి డేటా ముక్క అందగానే "అందింది" అని ఫోన్ జవాబు పంపాలి. ఆ జవాబు రౌటర్‌కి చేరకపోతే అది అదే ముక్కని మళ్ళీ పంపుతుంది, వేగం ఓ మెట్టు దించి మళ్ళీ పంపుతుంది. నాలుగు గీతలుండి వాట్సాప్ ఫొటో వెళ్ళకపోవడం వెనక తరచుగా ఉండేది ఇదే. రౌటర్ గొంతు ఎంత పెంచినా ఫోన్ గొంతు పెరగదు. రౌటర్‌కి అదనంగా ఉన్న యాంటెన్నాలు వినడంలో కొంత సాయం చేస్తాయి, మూడు నాలుగు డెసిబెల్స్. స్లాబు తిన్న పద్దెనిమిది ముందు అదెంత?

ఇక 2.4 గిగాహెర్ట్జ్. దీన్ని పాతదని తీసిపారేయకండి. పైన వేసిన లెక్కే దీనికి వేస్తే, 20 డీబీఎంతో మొదలుపెట్టి, మొదటి మీటరుకి 40, చిన్న గోడకి 4 చొప్పున, స్లాబుకి ఓ 12 తీసేసినా మేడ మీద మైనస్ 62 మిగులుతుంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో రెండు యాంటెన్నాలకి 144 ఎంబీపీఎస్ లింకు రావడానికి మైనస్ 64 చాలు. లాంఛనాలు పోను డెబ్బై ఎనభై చేతికి రావాలి. చుట్టూ ఖాళీ స్థలమున్న ఊళ్ళో ఇంట్లో నిజంగానే వస్తుంది. కూకట్‌పల్లి అపార్టుమెంటులో రాదు. సిగ్నల్ తక్కువై కాదు, గాలిలో ఖాళీ లేక.

ఆ బ్యాండు మొత్తం వెడల్పే 83.5 మెగాహెర్ట్జ్. ఒకదాన్నొకటి తాకకుండా మూడే చానళ్ళు పడతాయి, 1, 6, 11. (5 గిగాహెర్ట్జ్‌లో 2018 అక్టోబరు నోటిఫికేషన్‌తో మనకి 605 మెగాహెర్ట్జ్ వచ్చింది, 80 వెడల్పువి ఆరు పడతాయి.) ప్రతి రౌటరూ 102.4 మిల్లీసెకన్లకోసారి "నేనున్నాను" అని ఓ బీకన్ వదులుతుంది. దాన్ని అన్నిటికన్నా పాత పద్ధతిలో, 1 ఎంబీపీఎస్ వేగంతో వదిలితే ఒక్కో బీకన్ రెండు మిల్లీసెకన్లకి పైనే పడుతుంది. ఒకే చానల్లో పదిహేను రౌటర్లు వినబడుతుంటే ఎవరూ ఏమీ డౌన్‌లోడ్ చేయకముందే చానల్ సమయంలో ముప్పై శాతం ఈ హాజరు పలకడానికే పోతుంది. రౌటర్ సెట్టింగుల్లో 2.4 కింద మోడ్ అని ఉంటుంది, బీ-జీ-ఎన్ (పాత నుంచి కొత్తకి వైఫై ప్రమాణాల పేర్లు) బదులు జీ-ఎన్ లేదా ఎన్ మాత్రమే పెడితే చాలా రౌటర్లు బీకన్‌ని 6 ఎంబీపీఎస్‌కి మారుస్తాయి. చానల్ వెడల్పు 20 మాత్రమే ఉంచండి. 40 పెడితే మీకు వేగం పెరగదు, పక్కింటివాళ్ళకి తగ్గుతుంది. ఆ పక్కింటివాళ్ళూ అదే పని చేస్తారు.

ఇందులో ఇంకో తప్పు ఉంది. అందరూ 1, 6, 11లో ఉన్నారు కాబట్టి నేను 3లోనో 9లోనో ఉంటానని కొందరు తెలివి చూపిస్తారు. ఒకే చానల్లో ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరు విని ఆగి వంతులవారీగా మాట్లాడతాయి. సగం సగం తాకే చానల్లో ఉంటే ఆ మాట అర్థం కాదు, ఒట్టి గోలగా వినిపిస్తుంది, మీద పడి ప్యాకెట్లు పాడవుతాయి. రద్దీగా ఉన్న 6 కన్నా మధ్యలో ఉన్న 3 అధ్వానం. మైక్రోవేవ్ అవెన్ నడిచేటప్పుడు వంటగది పక్కన 2.4 తడబడటం మామూలే. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు తగిలించి దాని వైరు పక్కనే వైర్‌లెస్ మౌస్ రిసీవర్ పెడితే మౌస్ ఆగి ఆగి కదలడం మాత్రం చాలామందికి అంతుపట్టదు. యూఎస్‌బీ 3 సిగ్నల్ వదిలే రొద 2.4 మీద కూడా పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీనిమీద పత్రం రాసింది. రిసీవర్‌ని ఓ అడుగు పొడిగింపు వైరుతో దూరం జరిపితే చాలు.

వైఫైలో అందరూ పంచుకునేది ఎంబీపీఎస్ కాదు, సమయం. రేషన్ షాపు క్యూలో ఒక్కరి వేలిముద్ర పదిసార్లు పడకపోతే వెనకున్న అందరూ ఆగినట్టు, దూరంగా ఉన్న ఒక్క పరికరం ఇల్లంతా నెమ్మదింపజేస్తుంది. గేటు దగ్గర పెట్టిన వైఫై కెమెరానే తీసుకోండి. అది రోజంతా 4 ఎంబీపీఎస్ పంపుతోంది, ఆ దూరం నుంచి దాని లింకు వేగం 7.2. లాంఛనాలు పోగా మహా అయితే 5 మిగులుతుంది. అంటే 4 పంపడానికి చానల్ సమయంలో ఎనభై శాతం వాడేస్తోంది. మిగతా ఇల్లంతా ఆ ఇరవై శాతంలో సర్దుకోవాలి. అదే కెమెరా లింకు 65 ఉంటే పదో వంతు సమయం సరిపోయేది. "ఒక్క కెమెరా, అదేం తింటుంది" అనే మాట ఇక్కడే పప్పులో కాలేస్తుంది. అందుకే నెట్ స్లో అంటే నేను మొదట అడిగే ప్రశ్న ప్లాన్ గురించి కాదు, గేటు కెమెరా, హాల్లో టీవీ వైరు మీద ఉన్నాయా అని. టీవీ వెనక ఉండే పోర్టు తరచుగా 100 ఎంబీపీఎస్‌దే, వైఫై స్పీడ్ టెస్టులో దానికన్నా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి వైరు తీసేద్దాం అంటారు. తీయొద్దు. 4కే సినిమాకి కావాల్సింది పాతిక లోపే. టీవీ వైరు మీదకి పోతే గాలి మిగతావాళ్ళకి మిగులుతుంది.

ఏదైనా కొనేముందు ఓ పని చేయండి. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా వేసుకుని ఒక్కో గదిలో మీరు నిజంగా కూర్చునే చోట, పడుకునే చోట, ఫోన్ మామూలుగా పట్టుకున్నట్టే పట్టుకుని డీబీఎం రాసుకోండి. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కన చక్రం గుర్తు నొక్కితే లింకు వేగం, ఏ బ్యాండో కనిపిస్తాయి. అదీ రాసుకోండి. ఇంటర్నెట్ స్పీడ్ టెస్టు ఒక్కటే చేస్తే కంపెనీ లైను తప్పా, గోడ తప్పా తేలదు. ల్యాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి తగిలించి ఓసారి, వైఫై మీద ఓసారి చేస్తే తేలుతుంది. వైరు మీదే 93, 94 దగ్గర ఆగిపోతోందా? మూడొందల ప్లాన్ అయినా ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టో, ఒక జత తెగిన కేబులో ఉంది. ఎన్300 అని రాసి ఉండే చవక రౌటర్లలో పోర్టులు 100వే. ఆ 300 అన్నది 2.4లో 40 వెడల్పుకి చెప్పిన కాగితపు లెక్క, దానికి వచ్చే వైరే వంద దాటదు.

తర్వాత చోటు. కొత్త అపార్టుమెంట్లలో గుమ్మం పక్కన గోడలో ఓ రేకు డబ్బా పెట్టి నెట్, టీవీ, ఇంటర్‌కమ్ వైర్లన్నీ అందులోకి తెస్తారు. చూడ్డానికి నీటుగా ఉంటుందని వైఫై రౌటర్ కూడా అందులో పెట్టి తలుపు వేసేస్తారు. రేకు పెట్టెలో రేడియో! దాన్ని బయటికి తీసి ఆరేడు అడుగుల ఎత్తున, ఇంటి మధ్యలోకి వచ్చేలా పెడితే చాలా ఇళ్లలో కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. టీవీ వెనక వద్దు, టీవీ వెనక రేకు ఉంటుంది. ఫ్రిజ్ మీద వద్దు, చేపల తొట్టి పక్కన వద్దు. బీరువా, నిలువుటద్దం ఉన్న గోడ అవతల గదికి గోడ లెక్క వేయకండి, అక్కడ సిగ్నల్ నీడే. బీరువాని పక్క గోడకి జరపడం వల్ల వచ్చే లాభం ఆరు యాంటెన్నాల రౌటర్ వల్ల రాదు. యాంటెన్నా కడ్డీ నిలువుగా ఉంటే సిగ్నల్ చుట్టూ అదే అంతస్తులో పరుచుకుంటుంది, కొన మీద నుంచి పైకి చాలా తక్కువ. నేరుగా మీద గదికి కావాలంటే ఒక కడ్డీని పడుకోబెట్టండి.

రౌటర్‌ని మధ్యలోకి తేవాలంటే ఫైబర్ పొడిగించాలి, లేదంటే ఫైబర్ డబ్బాని గుమ్మం దగ్గరే ఉంచి అక్కడి నుంచి నెట్ కేబుల్ లాగాలి. రెండోదే మేలు. ఫైబర్‌ని తలుపు సందులోంచి నలిపి, మూల దగ్గర గట్టిగా మడిచి మేకు కొడితే లైటు కారిపోతుంది, డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. దాన్ని మళ్ళీ అతికించడానికి కంపెనీ మనిషి రావాలి. కేబులైతే మన ఎలక్ట్రీషియనే చూసుకుంటాడు.

రిపీటర్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఒకే రేడియో ఉన్నది విన్న ప్రతి మాటా అదే చానల్లో మళ్ళీ చెప్పాలి, అక్కడికే వేగం సగం. దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడితే అది వినేదే మైనస్ 78, ఇక చెప్పేదేముంటుంది? తప్పనిసరైతే మైనస్ 60, 65 మధ్య కనిపించే చోట, అంటే సగం దారిలో పెట్టండి. మెష్ కిట్ (ఒకే నెట్‌వర్కుగా కలిసి పనిచేసే రెండు మూడు వైఫై డబ్బాలు) అన్నా వైరు లేకుండా వాడితే గొడవ ఇదే, కాస్త ఖరీదైన గొడవ. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టనివ్వని ఓనరుంటే మూడు బ్యాండుల మెష్ ఒక్కటే దారి, అది ఒప్పుకుంటాను. కరెంటు వైర్ల మీద నెట్ పంపే అడాప్టర్లు ఇన్వర్టర్ లైను వేరు, మామూలు లైను వేరుగా ఉన్న మన వైరింగులో ఎక్కడ పనిచేస్తాయో ఎక్కడ చేయవో పెట్టి చూస్తే తప్ప తెలీదు.

వైరు అంటే క్యాట్-6 రకం నెట్ కేబుల్, అసలు రాగిది. బజారులో సగం ధరకి దొరికేది రాగి పూత వేసిన అల్యూమినియం. ఒక తీగ కొనని బ్లేడుతో గీకండి, ఎర్రగా ఉన్నది లోపల తెల్లగా తేలితే తిప్పి ఇచ్చేయండి. అది క్రింప్ చేసిన (ప్లగ్గు నొక్కి బిగించిన) చోట పుటుక్కున తెగుతుంది, కెమెరాకి కరెంటు కూడా అదే కేబుల్లో పంపితే వేడెక్కుతుంది. రెండు చివరలా రంగుల వరస ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ప్లగ్గు కొక్కెం అటువైపు ఉండి, రాగి పిన్నులు పైన మనకి కనబడేలా పట్టుకుంటే ఎడమ నుంచి ఈ వరస. మెలికలు విప్పేది అరంగుళానికి మించకూడదు. బయటి తొడుగు ప్లగ్గు లోపలిదాకా వెళ్ళాలి, లేకపోతే నాలుగుసార్లు లాగేసరికి ఊడుతుంది. చాలామంది చేసే తప్పు రంగుల్ని జతలు జతలుగా వరసగా పెట్టడం: నారింజ రెండూ, ఆకుపచ్చ రెండూ, నీలం రెండూ అని. రెండు చివరలా అలాగే పెడితే చవక టెస్టరులో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, కానీ 3, 6 పిన్నులు ఒకే మెలికలో లేక పొడవాటి కేబుల్ మీద ప్యాకెట్లు పోతాయి, లింకు గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నుంచి వందకి పడిపోతుంది. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. తగిలించాక రౌటర్ స్టేటస్ పేజీలో 1000 అని చూపిస్తోందో లేదో చూసుకున్నాకే ఎలక్ట్రీషియన్‌ని పంపండి.

ఆ కేబుల్ చివర పెట్టాల్సింది కొత్త ఖరీదైన డబ్బా కానక్కర్లేదు. అటక మీద పడేసిన పాత రెండు బ్యాండుల రౌటర్, గిగాబిట్ పోర్టులుంటే, చాలు. ల్యాప్‌టాప్‌ని ముందు దీనికొక్కదానికే తగిలించి సెట్టింగుల్లోకి వెళ్ళండి. మొదటి రౌటర్ చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకి చిరునామాలు పంచే పని, ఆపేయండి. ఈ పని మర్చిపోతే రెండు రౌటర్లూ చిరునామాలు పంచడం మొదలుపెట్టి, సగం ఫోన్లకి నెట్ వచ్చి సగానికి రాక ఇల్లంతా గందరగోళమవుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మొదటిదానిలో ఉన్నవే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. చానల్ మాత్రం వేరు: కింద 1, పైన 11, 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149. చివరగా, వచ్చే కేబుల్‌ని వాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉన్నది, చాలా రౌటర్లలో నీలం రంగు) కాకుండా ఇంట్లోని పరికరాల కోసం ఉన్న లాన్ పోర్టుల్లో ఒకదానిలో గుచ్చండి. అలవాటుగా చెయ్యి వాన్ వైపే పోతుంది. అందులో గుచ్చితే మీ ఇంట్లో రెండు నెట్‌వర్కులు తయారవుతాయి, పై గదిలో ఫోన్ కింద ఉన్న ప్రింటరుకి కనబడదు.

రెండు పెట్టాక "పైకి వెళ్ళినా ఫోన్ కింది రౌటర్‌నే పట్టుకుని వేలాడుతోంది" అన్న ఫిర్యాదు వస్తుంది. ఎప్పుడు మారాలో తేల్చేది ఫోనే, రౌటర్ కాదు. ఐఫోన్ తనున్న సిగ్నల్ మైనస్ 70కి పడితే గానీ కొత్తది వెతకదు. కింది రౌటర్ 2.4 బ్యాండు మేడ మీద మైనస్ 62 చూపిస్తుంటే అదెందుకు వదులుతుంది? అందుకని రెండింటిలోనూ 2.4 శక్తిని తగ్గించాలి, హై నుంచి మీడియం లేదా లో. సిగ్నల్ కోసం ఇంత తంటాలు పడి చివరికి శక్తి తగ్గించమంటున్నానని విడ్డూరంగా అనిపించొచ్చు, కానీ ఒక్కో గదికి దగ్గర్లో ఒక్కో రేడియో ఉన్నాక గట్టిగా అరవాల్సిన అవసరం దేనికీ లేదు. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు 2.4 మాత్రమే వాడతాయి కాబట్టి ఆ బ్యాండుని పూర్తిగా ఆపేయకండి. వాటిని కలిపేటప్పుడు మొరాయిస్తే కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపి, కలిపాక మళ్ళీ ఆన్ చేయండి.

ఇల్లు ఇప్పుడు కట్టించుకుంటున్నవాళ్ళకి ఇదంతా చాలా చవక. స్లాబు వేసేముందు, గోడలు ప్లాస్టరింగ్ చేసేముందు హాల్లోంచి ఒక్కో బెడ్‌రూముకి, మేడకి, గేటుకి ఒక్కో పాతిక మిల్లీమీటర్ల పీవీసీ పైపు, కరెంటు పైపుతో కలవకుండా జానెడు దూరంలో వేయించండి. చివర్లు బీరువా నిలబడే గోడల మీదకి రాకుండా చూడండి. మూలల్లో మొండి ఎల్బోలు కాకుండా వంపు తిరిగిన బెండ్లు వాడమనండి, లేకపోతే కేబుల్ రెండో మలుపు దగ్గర ఆగిపోతుంది. హాలు సీలింగుకి, మేడమీద సీలింగుకి ఒక్కో పాయింటు తీయిస్తే రేపు యాక్సెస్ పాయింటు, అంటే కేబుల్ చివర వైఫై ఇచ్చే డబ్బా, అక్కడే అతుక్కుంటుంది. ప్రతి పైపులోనూ తర్వాత కేబుల్ లాగడానికి ఓ జీఐ (ఇనుప) వైరు వదిలి రెండు చివరలూ వంచి ఉంచాలి. ఇది నెట్ పైపు, ఇందులో ఫ్యాను వైర్లు లాగొద్దని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పి పైపు మీద మార్కరుతో రాయండి. చెప్పకపోతే లాగేస్తాడు, ఖాళీ పైపు కనబడితే వాళ్ళ చెయ్యి ఊరుకోదు.